ధోళ్యా వెనక

శశిధర్ నల్ల మార్కర్ తీసి ఎద్దు మూతి మీద గుండ్రంగా గీత గీశాడు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. సరిపోదనుకున్నాడేమో, దాని చుట్టూ ఇంకో గీత పెద్దగా గీశాడు.

"గీడికి కోసెయ్ బాల్‌సింగన్నా. నోరు జర పెద్దగుండాలె. పిల్లలు దూరంకెల్లి ఇసిరినా లోపట్నే పడాలె."

మూపురం మీద పాలిష్ పేపరు రుద్దుతున్న బాల్‌సింగ్ చెయ్యి ఆగింది. ఏం పడాలని అడిగాడు. చెత్త, అన్నాడు శశిధర్. ఐస్‌క్రీం కప్పులు, చిప్స్ కవర్లు, నీళ్ల సీసాలు. ఎద్దు కడుపులో డబ్బా పెట్టి, తోక కింద చిన్న తలుపు పెడితే ఊడ్చేవాళ్లు సాయంత్రం పూట తీసుకుంటారట. టాయిలెట్ల పక్కన గోడకు ఆనించి పెడదామని మామతో మాట్లాడి వచ్చాడట.

ఆ మామ రవీందర్. కొడకండ్లలో పొలాలున్న మనిషి. జనగామ దాటాక హైదరాబాద్ రోడ్డు పక్కన పిల్లల పార్కు కట్టిస్తున్నాడు. ఆదివారం ఓపెనింగ్. చిన్న రైలు, నీళ్ల జారుడుబండలు, రంగులరాట్నం అన్నీ బయటినుంచి వచ్చాయి గాని, దారి పొడుగునా నిలబడ్డ ఫైబర్ బొమ్మలు బాల్‌సింగ్ చేసినవే. పెద్ద చెవుల ఎలుక, టోపీ బాతు, కిరీటం పెట్టుకున్న మంచుదేశపు రాణి. ఏ పిల్లను అడిగినా టక్కున పేర్లు చెప్పే బొమ్మలు. ఎలుక చెవులు అద్దంలా నున్నగా వచ్చిన రోజున రవీందరే సంబరపడి, ఒక్క బొమ్మ నీకిష్టమైంది చేసుకో బాల్‌సింగూ, పార్కులో పెడదాం అన్నాడు. ఆ ఒక్క బొమ్మే ఈ ఎద్దు.

బాల్‌సింగ్ గుడ్డ మీద థిన్నర్ పోసుకుని మూతి మీది గీతలు తుడిచాడు. మొదటిసారికి బూడిదరంగు మరక మిగిలింది. గుడ్డ మడిచి, శుభ్రమైన వైపు తిప్పి మళ్ళీ తుడిచాడు. మరక పోయాక కూడా కాసేపు తుడుస్తూనే ఉన్నాడు.

"గిది ధోళ్యా సారూ," అన్నాడు చివరికి. "దీని నోట్లె చెత్త పొయ్యరు."

శశిధర్ చెడ్డవాడు కాదు. ధోళ్యా అంటే ఏమిటని నిజంగానే తెలియక అడిగాడు. అడగడమే తప్పయింది. బాల్‌సింగ్ చేతులు ప్యాంటుకు తుడుచుకుని, జేబులోంచి ఫోను తీసి, అతన్ని రేకుల షెడ్డు నీడలోకి పిలిచి, రెజిన్ డబ్బా బోర్లించి కూర్చోబెట్టాడు.

ధోళ్యా అంటే వాళ్ల తండా భాషలో తెల్లనిది. సినిమా పేరు కూడా అదే. బొమ్మలు గీసి కదిలించిన సినిమా. గీసింది బాల్‌సింగ్ తమ్ముడి బిడ్డ గీత. హైదరాబాద్‌లో కిరాయి గదిలో స్నేహితులతో కూర్చుని, వేరేవాళ్ల కార్టూన్లకు పగలంతా రంగులు వేసి, మిగిలిన పొద్దులో ఇది గీసుకుంది. మానుకోటలో ఒక టాకీసులో వారం రోజులు పొద్దుటాట ఆడింది. వారమంతా నర్సింహులపేట పక్కనున్న వాళ్ల తండా జనమే సగం సీట్లలో ఉన్నారు. ఆ తర్వాత ఫోనులోకి వచ్చి, అక్కడే ఒక మూలన ఉండిపోయింది.

బాల్‌సింగ్ సినిమా చూడనిచ్చే రకం కాదు. తెర మీద ఏది రాబోతున్నా ముందే చెప్పేస్తాడు. ఉప్పు మూటలు మోసుకుంటూ వందల ఎద్దులు నడుస్తుంటాయి. పాత కాలంలో లంబాడీలు అట్లా ఊరూరూ తిరిగి ఉప్పు, గింజలు అమ్మేవాళ్లు. గుంపు ముందు ఒక తెల్లెద్దు. దాని మీద ఒక్క మూట ఉండదు. మెడకు గంటలు, వీపు మీద అద్దాల గుడ్డ, తోకకు గవ్వలు. దాని వెనకే అందరూ. అందరికంటే వెనక కాలికి ముల్లు గుచ్చుకున్న చిన్నపిల్ల ఒకతి. ఆ పిల్ల కళ్లతోనే సినిమా అంతా.

శశిధర్ బొటనవేలితో సినిమాను ముందుకు జరిపాడు. మళ్లీ జరిపాడు. "ఎద్దు మొకమే కనిపియ్యదేందన్నా? ఎప్పుడు జూసినా ఎన్కకెల్లే ఉన్నది."

"గదే కథ సారూ. ఎన్క నడిశెటోల్లకు మొకమెట్ల కనిపిస్తది? జర ఆగు. జరపకు."

ఆఖరి సీను వచ్చింది. వాగు ఒడ్డు. మంద దాటబోతుంటే తెల్లెద్దు నిలబడిపోతుంది. ఎవరు అదిలించినా కదలదు. అప్పుడు మెడ తిప్పి వెనక్కి చూస్తుంది. కుంటుకుంటూ వస్తున్న పిల్ల దగ్గరికి చేరేదాకా అట్లాగే చూస్తుంది. సినిమాలో దాని ముఖం కనిపించేది అప్పుడొక్కసారే. బాల్‌సింగ్ ఆ సీను ఎన్నిసార్లు చూశాడో గాని, మళ్ళీ ముక్కు తుడుచుకున్నాడు. ఎదురుగా ఎండలో నిలబడ్డ ఫైబరు ఎద్దు కూడా మెడ వెనక్కి తిప్పే ఉంది. తిన్నగా ఉన్న తలైతే రెండు అచ్చుల్లో అయిపోయేది. ఈ మెడ కోసం అచ్చును ఎన్నో ముక్కలు చెయ్యాల్సి వచ్చింది.

"మంచిగనే ఉన్నది," అన్నాడు శశిధర్, ఫోను తిరిగిస్తూ. "గానీ అన్నా, గిది ఎవ్వలికి ఎరుక?"

"ఎలుక అందరికి ఎరుకే. నేను చేసినా చెయ్యకున్నా ఎరుకే. దానికి నా బొమ్మతోని పనేమున్నది సారూ? గిది ఎవ్వలికి ఎరుక లేదు. గందుకే పార్కుల నిలవడాలె."

శశిధర్ నవ్వి లేచాడు. పొద్దు వాలాక రవీందర్ వచ్చి ఎద్దు చుట్టూ ఒకసారి తిరిగాడు. పనితనం బాగుందన్నాడు. కోపమేమీ లేదు. చెత్తడబ్బాగా అయితే ఉంచుదాం, లేకపోతే నీ బొమ్మ నువ్వు తీసుకుపో అన్నాడు. కోరిక కోరుకో అన్నాడు గాని, కోరికకు చోటెక్కడో అప్పుడు చెప్పలేదు. బాల్‌సింగ్ ఎద్దు మీద నీలం టార్పాలిన్ కప్పి, షెడ్డు వెనక్కి జరిపించాడు.

చిక్కల్లా తండాతోనే వచ్చింది. బాల్‌సింగ్ నోరు ఊరుకునేది కాదు. అచ్చు పోసిన రోజునే గ్రూపులో ఫొటో పెట్టాడు. మెడ అతికించిన రోజున ఇంకోటి పెట్టాడు. జనగామలో మన ధోళ్యా నిలబడుతున్నాడని రాశాడు. ఇప్పుడు తండాలో ఆదివారానికి డీసీఎం వ్యాను మాట్లాడుకున్నారు. అతని తల్లి రామి కళ్లద్దాలు తుడుచుకుంటూ, ధోళ్యా వీపు కోసం అద్దాల గుడ్డ కుడుతోంది. గీత హైదరాబాద్ నుంచి ఫోను చేసి, ఎక్కడ పెట్టారు పెద్దబాపూ అని అడిగింది. మంచి జాగనే అన్నాడు. ఎలుక పక్కనా అని అడిగింది. సిగ్నలు లేదని పెట్టేశాడు.

*

శుక్రవారం డైనోసార్ వచ్చింది. పార్కులో అన్నిటికంటే పెద్దది అదే, హైదరాబాద్‌లో చేయించింది. గేటు దాటగానే ఎదురుగా, దారి రెండుగా చీలే చోట దానికోసం సిమెంటు గద్దె కట్టారు. లారీ తాళ్లు విప్పి చూస్తే మెడ మధ్యకు విరిగి, లోపలి ఇనుపచువ్వలు బయటికొచ్చి ఉన్నాయి. డ్రైవరు తన తప్పు కాదన్నాడు. పంపినవాళ్లు ఫోను ఎత్తలేదు. అతుకుతావా అని రవీందర్ బాల్‌సింగ్‌ను అడిగాడు. అతుకుతాను గాని ఆదివారానికి కాదన్నాడు బాల్‌సింగ్.

రవీందర్ ఖాళీ గద్దె వైపు చూశాడు. గేటు దగ్గర బోడిగా ఉంటే ఓపెనింగ్‌కు వచ్చినవాళ్లు ఏమనుకుంటారు. ఎలుకను అక్కడి నుంచి పీకి తేవడానికీ లేదు, దాన్ని బిగించేసి ఉన్నారు. బిగించకుండా మిగిలిన బొమ్మ ఒకటే ఉంది.

"నీ ఎద్దునన్న తెచ్చి నిలవెట్టు బాల్‌సింగూ. డైనోసార్ బాగయ్యేదాకనే. గటెన్క తియ్యాలె మల్ల."

బాల్‌సింగ్ తల ఊపాడు. ఎక్కువ మాట్లాడితే మనసు మార్చుకుంటాడేమోనని గబగబా షెడ్డు వెనక్కి నడిచాడు. టార్పాలిన్ లాగాక, ఎద్దు ముఖం మీద దుమ్ము లేకపోయినా చేత్తో తుడిచాడు.

శనివారం పొద్దుట రంగు. ఒళ్లంతా తెలుపు, కొమ్ములకు పసుపు, గిట్టలకు బొగ్గు నలుపు. కళ్లకు ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. అసలైన గవ్వలు తెచ్చి తోకకు ఒక్కొక్కటే అతికించాడు. రంగు ఆరేదాకా గద్దె మీద కూర్చుని, కాళ్ల కింద బోల్టులు ఎక్కడ రావాలో చాక్‌పీసుతో గుర్తులు పెట్టుకున్నాడు. మధ్యాహ్నం మనుషులతో ఎద్దును ఎత్తించి, గిట్టలు గుర్తుల మీద దింపించి, డ్రిల్లు వేసి, బోల్టులు దించి, తొందరగా గట్టిపడే మందు కలిపిన సిమెంటు పోశాడు. అది గట్టిపడ్డాక కాళ్లు పట్టుకుని ఊపి చూశాడు. ఇసుమంతైనా కదల్లేదు. గేటు బయటికి వెళ్లి చూశాడు. కడుపు నిండింది.

సాయంత్రం రవీందర్ కారు గేటు దగ్గరే ఆగింది. దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. శశిధర్ కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. మొదట నవ్వింది శశిధరే.

"అరే బాల్‌సింగ్," అన్నాడు రవీందర్. "వచ్చెటోల్లకు ఎద్దు ముడ్డి సూపిస్తున్నవేందిరా?"

బాల్‌సింగ్ ఎద్దును చూశాడు. పార్కు లోపలి బొమ్మలను చూశాడు. ఎలుక, బాతు, రాణి అన్నీ గేటు వైపే చూస్తూ చేతులూపుతున్నాయి. వాటన్నిటినీ అట్లా నిలబెట్టింది తనే. వచ్చేవాళ్లకు ఎదురుగా ముఖం ఉండాలని తెలియదా తనకు. ఎద్దు దగ్గరికి వచ్చేసరికి చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి తన దారిన తాను పోయింది. నడిచే ఎద్దు నడిచే వైపే చూస్తుంది, మనం వెనక ఉంటాం. ఇంకో రకంగా నిలబెట్టవచ్చన్న ఆలోచనే రాలేదు. అది తట్టాక చెవులు వేడెక్కాయి. 

తిప్పమన్నాడు రవీందర్. తిప్పడానికి లేదన్నాడు బాల్‌సింగ్. తిప్పాలంటే గిట్టలు కొయ్యాలి. ఇన్ని బొమ్మలు చేసినవాడికి ముందేదో వెనకేదో తెలియకపోవడమేమిటని రవీందర్ చాలాసేపు తిట్టాడు. బాల్‌సింగ్ గట్టిపడిన సిమెంటును చెప్పు కొనతో గీకుతూ విన్నాడు. చివరికి శశిధరే ఉపాయం చెప్పాడు. స్వాగతం ఫ్లెక్సీ ఉంది కదా, రెండు కర్రలు పాతి ఎద్దు వెనక కట్టేస్తే కనిపించదు.

"గట్లనే కట్టుర్రి," అన్నాడు రవీందర్. "రేపొక్కరోజు ఎల్లనియ్యి. సోమారం గిట్టలు కోసి లోపటికి తెద్దాం. తెచ్చినంక శశి చెప్పినట్టు నోరు కొయ్యి. మల్ల నాకు ఎదురు చెప్పకు."

ఫ్లెక్సీ పెద్దది. మీద రవీందర్, అతని భార్య సుగుణమ్మ చేతులు జోడించి నవ్వుతున్నారు. అది కట్టాక తోక గవ్వలు పోయాయి. వెనక్కి తిరిగిన ముఖం కూడా పోయింది. తాళ్లు బిగించింది బాల్‌సింగే.

*

ఆదివారం సుగుణమ్మ రిబ్బను కత్తిరించింది. ఆమెకు ఇలాంటి హడావుడి ఇష్టం లేదు, కత్తెర తిరిగి పళ్లెంలో పెట్టేసి కుర్చీల వైపు వెళ్లింది. టికెట్ల కిటికీ దగ్గర తోపులాట మొదలైంది. టేకుమట్ల నుంచి బడిపిల్లల బస్సు వచ్చింది. భూపాలపల్లి వైపు నుంచి అంత దూరం వచ్చిన పిల్లలు బస్సు దిగగానే చెల్లాచెదురయ్యారు. రవీందర్ పెట్టిన గేటు మనిషి విజిలు ఊదుతున్నాడు, వాళ్ల సారు పేర్లు పెట్టి పిలుస్తున్నాడు, ఎవరూ వినడం లేదు.

అప్పుడే డీసీఎం వచ్చి ఆగింది. వెనక డోరు దింపగానే తండా ఆడవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగారు. ముసలివాళ్లు అద్దాల గాగ్రాలు కట్టుకుని వచ్చారు, చిన్నవాళ్లు చీరల్లో ఉన్నారు. అందరికంటే ఆఖరున రామిని ఇద్దరు పట్టి దింపారు. చంకలో మడిచిన గుడ్డ ఉంది. గేటులోకి వచ్చి, కళ్లద్దాలు సర్దుకుని, ఎదురుగా చూసింది. స్వాగతం. రవీందర్. సుగుణమ్మ.

ధోళ్యా ఏడీ అని అడిగింది కొడుకును, తమ భాషలో.

బాల్‌సింగ్ పొద్దుటినుంచి ఈ మాటకు జవాబు వెతుకుతూనే ఉన్నాడు. రంగు ఆరలేదని చెబుదామనుకున్నాడు. లోపల ఉన్నాడని చెబుదామనుకున్నాడు. తల్లి వెనక తండా మొత్తం తల పైకెత్తి ఆ ఫ్లెక్సీనే చూస్తోంది. ఒక చిన్నవాడెవడో, గీయనేనా ధోళ్యా అని రవీందర్ ఫొటో చూపించాడు. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"తప్పు నిలవెట్టిన యాడీ," అన్నాడు బాల్‌సింగ్ తల్లితో. "అటు మొకం పెట్టిన. ఎన్కభాగం కనిపిస్తున్నదని గుడ్డ కట్టిన్రు."

రామి అతని వైపు తిరిగింది. "మరి ముందర నడిశెటోడు ఎటు జూస్తడురా?" అంది.

అడిగిన తీరులో వెక్కిరింత లేదు. నిజంగానే ఇంకో దిక్కు ఏముంటుందో ఆమెకు తెలియలేదు. బాల్‌సింగ్ గద్దె ఎక్కాడు. మొదటి ముడి వేలికి రాలేదు, నిన్న తనే గట్టిగా వేశాడు. పళ్లతో లాగాడు. రెండోది సులువుగా వచ్చింది. కుర్చీల దగ్గర నుంచి రవీందర్ లేచి వస్తున్నట్టు కంటి చివర కనిపించింది. అయినా మూడోది విప్పాడు. ఫ్లెక్సీ మెల్లగా జారింది. కింద పడనివ్వకుండా రెండు చేతులతో పట్టి, ఫొటోలు లోపలికి వచ్చేట్టు జాగ్రత్తగా చుట్టాడు.

ఎండలో తెల్లెద్దు వెలిగింది. తోక గవ్వలు, నిండైన వీపు, ఒంపు తిరిగిన మెడ, ఆ మెడ మీంచి గేటు వైపు చూస్తున్న కళ్లు.

 రామి గుడ్డ విప్పింది. బాల్‌సింగ్ వంగి అందుకుని ఎద్దు వీపు మీద పరిచాడు. అద్దాలు గేటు పొడుగునా చిన్నచిన్న వెలుగులు చల్లాయి. టేకుమట్ల పిల్లలు ఆ వెలుగుల వెంట పరుగెత్తుకొచ్చారు. పిల్లను భుజాన ఎక్కించుకున్న ఒక తండ్రి ఫోను భార్యకిచ్చి, పిల్లను ఎద్దు మీద కూర్చోబెట్టబోయాడు.

"ఎక్కియ్యకు బిడ్డా," అంది రామి, ఈసారి తెలుగులో. "దానిమీద మూట గూడ పెట్టరు. మనం ఎన్క నడవాలె."

వెనక అంటే ఎట్లా అన్నాడతను. రామి చేసి చూపించింది. తోక వెనక నిలబడింది. ఆమె వెనక తండా ఆడవాళ్లు, వాళ్ల వెనక మగవాళ్లు, ఎవరూ చెప్పకుండానే ఒకరి వెనక ఒకరు. ఆమె అడుగు వేసింది. గవ్వలను చేత్తో తాకి, ఎద్దు పక్కనుంచి నడుస్తూ, సరిగ్గా ఆ కళ్ల కిందికి వచ్చినప్పుడు తల ఎత్తి చూసి, లోపలికి వెళ్లింది. వెనకవాళ్లూ అంతే. పిల్లను దించి ఆ తండ్రి కూడా వరుసలో కలిశాడు. టేకుమట్ల పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని నిలబడ్డారు. గవ్వలు తాకాలంటే వరుసలో రావాలని వాళ్లకు వాళ్లే అర్థం చేసుకున్నారు. గేటు మనిషి విజిలు నోట్లో పెట్టుకునే ఉన్నాడు గాని ఊదడం మరిచిపోయాడు.

రవీందర్ గద్దె దగ్గరికి వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది. బాల్‌సింగ్ చుట్టిన ఫ్లెక్సీని రెండు చేతులతో అతనికి అందించాడు. అతను ఏదో అనబోయే ముందే సుగుణమ్మ వచ్చి వరుసలో నిలబడింది. ఆమె ముందు ఒక పిల్లకు బూటు లేసు ఊడితే, ఆ పిల్ల వంగింది, వరుస ఆగింది. ఆగిన చోటినుంచి సుగుణమ్మ పైకి చూసింది.

"ఏమయ్యా," అంది భర్తతో, మెల్లగా. "గీ ఎద్దు మన కోసం ఆగినట్టున్నది. అందరం వచ్చినమా లేదా అని జూస్తున్నది."

బాల్‌సింగ్ ఆమెకు సినిమా చూపించలేదు. కథ కూడా చెప్పలేదు. గద్దె అంచు మీద కూర్చున్నాడు.

రవీందర్ భార్యను చూశాడు. రోడ్డుదాకా పెరిగిన వరుసను చూశాడు. ఫ్లెక్సీని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. కార్లు ఆపుకుని దిగుతున్నవాళ్లు కూడా వచ్చి వెనకే నిలబడుతున్నారు. ఎందుకు వరుసని ఒకరు అడిగితే, ముందున్నవాళ్లు ధోళ్యా అంటున్నారు. ధోళ్యా ఎవరంటే, ఫోనులో సినిమా ఉందట అంటున్నారు.

"మామా, రేపు గిట్టలు కోసెటందుకు మిషిను చెప్పాల్నా?" శశిధర్ వచ్చి చెవిలో అడిగాడు.

 రవీందర్ ఎద్దు తోక వైపు ఒకసారి, కళ్ల వైపు ఒకసారి చూశాడు.

"డైనోసార్ మెడ అతికినంక టాయిలెట్ల కాడ పెట్టు," అన్నాడు. "ఆడ జాగ ఉన్నది గద. దాని నోరు గూడ పెద్దదే."

అని బాల్‌సింగ్ వైపు చూడకుండా, చంకలో ఫ్లెక్సీతోనే కుర్చీల వైపు నడిచాడు.

జేబులో ఫోను మోగింది. గీత. వీడియో కాలు. తండా గ్రూపులో ఎవరో అప్పుడే ఫొటో పెట్టినట్టున్నారు.

"పెద్దబాపూ, నిజం చెప్పు. ఏడ పెట్టిన్రు?"

బాల్‌సింగ్ లేచి గేటు బయటికి నడిచాడు. వరుస చివరిదాకా వెళ్లి, ఐస్‌క్రీం తింటున్న ఒక ముసలాయన వెనక నిలబడ్డాడు. ఫోను తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. ఇన్ని తలల మీదుగా, అంత దూరాన తెల్లని వీపు, దాని మీద వెలుగుతున్న అద్దాలు, వెనక్కి తిరిగిన ముఖం.

"అందరికన్న ముందర," అన్నాడు.

వరుస కదిలింది. అతనూ ఒక అడుగు వేశాడు.